కరువునకు పేరు పెట్టువారెవరు?

[గుంటూరు సీమయందలి యొక పఠనమందిరమున న్యాయవాది యొకరు చేసిన యుపన్యాసపు పాఠము]



నన్ను మాటాడుమని కోరిన మిత్రులు "కరువులు" అని మాత్రము విషయమును సూచించి, తక్కినది నా యిష్టమునకు విడిచిరి. వాన లేక వచ్చు కరువును గూర్చి మీకు నేను క్రొత్తగ చెప్పవలసినది లేదు. ఇచట కూర్చున్నవారిలో ప్రత్తి, మిరప చేలలో దిగి చేతులు కాల్చుకొన్నవారే పెక్కురు. ధాన్యముండియు మనుష్యులు మాడి చచ్చిన కరువులు కొన్ని గలవు. అట్టి కరువు కన్నుల యెదుట నిలిచియుండగా దానిని "కరువు" అని వ్రాయుటకు పాలకులు నిరాకరించిన సందర్భములు గలవు. నేను చెప్పదలచినది వానిని గూర్చి. న్యాయవాదిని గావున మాట విషయమున నాకు పట్టుదల కొంచెము మెండు. దస్తావేజులో నొక మాట తప్పిన పొలము పోవును. సర్కారు కాగితములో నొక మాట తప్పినందున పల్లెలే పోయినవి.

మొదట మన యింటి కథ. 1832-33, నందన నామ సంవత్సరము. మన పెద్దలు దానిని డొక్కల కరువనిరి. మనుష్యుని చూచినచో డొక్క యెముకలు తప్ప వేరొకటి కనబడకుండెనట; ఆ పేరు పెట్టినవారు కవులు కారు, చూచినవారు. అప్పటి గుంటూరు జిల్లా జనసంఖ్య సుమారు 5 లక్షలు. చచ్చినవారు ఒకటిన్నర లక్ష యని కొందరు, రెండు లక్షలని కొందరు లెక్క కట్టిరి. తక్కువ లెక్కయే నిజమనుకొన్నను, పదుగురు కుటుంబసభ్యులున్న యింట ముగ్గురు పోయిరి. బ్రదికినవారు ఒంగోలు, నెల్లూరుల మీదుగా మద్రాసునకు నడచిరి. ఆ బాట పొడవున శవములు పడియుండెనని తెల్లవారి వ్రాతలే చెప్పుచున్నవి.

వాన పడలేదు, నిజమే. కాని యీ నేల అంతకుముందును వాన తప్పిన యేడులను చూచినది. ఒక యేటి వాన తప్పిన మాత్రమున మూడవ వంతు జనము చావవలెనన్న, దానికి ముందు చాల కాలమునుండి మఱియొక పని జరుగుచుండవలెను. ఆ పని యేమో చూతము.

గుంటూరు సర్కారు 1788లో కంపెనీవారి చేతికి వచ్చెను. 1802లో శాశ్వత పరిష్కారమను పేర భూమిని జమీందారుల చేతులలో పెట్టి, యింత పేష్కషు కట్టవలయునని నిర్ణయించిరి. వాన పడినను పడకున్నను ఆ మొత్తము మారదు. అమరావతి, చింతపల్లి వాసిరెడ్డివారు, నరసరావుపేట మల్రాజువారు, చిలకలూరిపేట మానూరివారు, వీరందఱును రైతునుండి లాగి కంపెనీకి కట్టవలసినవారే. నడుమ అమీనులు, కరణములు, కచేరీ నౌకరులు. ప్రతి చేతికిని కొంత యంటుకొనును. చెరువు పూడిక తీయించుట, కాలువ త్రవ్వించుట, గాదె నింపియుంచుట అను పనులు మాత్రము ఎవరి పద్దులోను లేకుండెను. కృష్ణ మన ముంగిట ప్రవహించుచు సముద్రములో కలియుచుండెను. దానికి అడ్డముగ నొక రాయి వేసినవారు లేరు.

ఇచ్చట మా వృత్తివారు తఱచు చెప్పుకొను నొక వ్యాజ్యమును చెప్పక పోజాలను. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు 1816లో గతించిరి. ఆయన ఇరువురు పిల్లలను దత్తత చేసికొనియుండెను. జమీ ఎవరిదను తగవు కోర్టులకెక్కి, సముద్రములు దాటి, ప్రీవీ కౌన్సిలువారి సన్నిధికి చేరెను. "రంగమ్మ–అచ్చమ్మ" యను పేర 1846లో వచ్చిన తీర్పును నేటికిని హిందూ ధర్మశాస్త్రము చదువు విద్యార్థులు వల్లించుచున్నారు: దత్తపుత్రుడు జీవించియుండగా రెండవ దత్తత చెల్లదు. మంచి తీర్పే. కాని సంవత్సరములను గమనింపుడు. 1816 మొదలు 1846 వఱకు జమీ యజమాని యెవడో తేలలేదు. ఆ ముప్పది యేండ్ల నట్టనడుమ 1832 వచ్చినది. యజమాని తేలకున్నను శిస్తు తేలుచునే యుండెను. ఆ తీర్పు పుటలలో దత్తహోమమును గూర్చి, శాస్త్రవచనములను గూర్చి విచారమున్నది; ఆ జమీ పల్లెలలో చచ్చిన రైతుల కందు ప్రసక్తి లేదు. వారు కక్షిదారులు కారు గదా!

ఇక ధాన్యము మాట. ధాన్యపు వర్తకములో సర్కారు చేయి పెట్టరాదనునది ఆ కాలపు మద్రాసు ప్రభుత్వపు దృఢ సిద్ధాంతము. ధర పెరిగిన చోటికి సరకు తనంతట వచ్చునని వారి శాస్త్రము. ధర పెరిగిన చోట కొనుటకు డబ్బు లేనివాడుండునని ఆ శాస్త్రములో వ్రాసియుండలేదు. చేను ఎండినప్పుడు కూలివానికి పోవునది తిండి గింజ కంటె ముందు కూలి. కూలి లేనివాని యెదుట బస్తాలు గుట్టలుగా పోసినను అవి వానికి మట్టిగుట్టలే.

ఆ దినములలో మన తెలుగు భాషకు నిఘంటువు కూర్చిన బ్రౌను దొర యీ ప్రాంతమున కొలువులో నుండెను. ప్రభుత్వపు కాగితములు "ధాన్యపు కొఱత" వంటి మెత్తని మాటలతో నడచుచుండగా, ఆయన మొగమోటము లేక "కరువు" అని వ్రాసెను. మాటల కూర్పరి గదా, ఏ మాట యెక్కడ పడవలెనో యెఱుగును. ఆయన వేమనను అచ్చు వేయించినందుకు మనము కృతజ్ఞతతో స్మరించుచున్నాము. ఈ యొక్క మాటకును స్మరింపవలెనని నా మనవి. "కొఱత" అన్నచో సర్కారు చూచుచు కూర్చుండవచ్చును. "కరువు" అన్నచో లేవవలెను.

కరువు తరువాత శిస్తు పడిపోయెను. పన్ను కట్టువాడే చచ్చినప్పుడు పన్నెక్కడిది? జమీలు బకాయిలలో మునిగి యొకటొకటిగా కంపెనీ స్వాధీనమైనవి. 1845లో అమరావతి స్తూపమును త్రవ్వించిన వాల్టర్ ఎలియట్ దొరయే కమీషనరుగా జిల్లా వ్యవహారమును విచారించి 1846లో నివేదిక వ్రాసెను. అప్పుడు గాని కంపెనీవారికి నీటి మీద దృష్టి పడలేదు. గోదావరి ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసెను. ఆ యేడే బెజవాడ కడ కృష్ణ ఆనకట్ట మొదలై 1855లో పూర్తి యయ్యెను. కాటన్ దొరకు మన డెల్టావారు దండలు వేయుచున్నారు, వేయుడు. అయితే ఆ ఆనకట్టకు అనుమతి తెచ్చిన వాదనలలో గుంటూరు పీనుగుల లెక్కయు నుండెను. మెట్ట సీమకు, అనగా పలనాడు, అద్దంకి, దర్శి ప్రాంతములకు, సాగరు నీరు వచ్చుటకు 1967 వఱకు వేచియుండవలసి వచ్చెను.

ఇప్పుడు, డొక్కల కరువునకు సరిగా నూఱేండ్ల తరువాతి సంవత్సరములకు, 1932-33కు, మఱియొక నల్లరేగడి దేశమునకు రండు. యుక్రెయిన్ నేల మన రేగడి వలెనే నల్లనిది, లోతైనది. లోకమున గోధుమకు అంత మంచి నేల అరుదు. అచ్చటి రైతు పేదవాడే గాని చేతగానివాడు కాడు. 1929 మొదలు స్టాలిన్ ప్రభుత్వము పొలములను, పశువులను, నాగళ్ళను సమష్టి క్షేత్రములలో బలవంతముగ చేర్చెను. ఒప్పుకొననివానికి "కులక్" అని పేరు. రెండావులున్నవాడు కులక్, కూలివానిని పెట్టుకొన్నవాడు కులక్, పెదవి విప్పినవాడు కులక్. లక్షలాది కుటుంబములను ఉత్తరపు మంచు దేశములకు తోలిరి. చూచితిరా, ఇచటను మొదట వచ్చినది మాటయే. మనిషికొక పేరు పెట్టిన తరువాత వాని యిల్లు గుంజుకొనుట సులువు.

తరువాత ధాన్యపు వసూలు. ఇంత ధాన్యము సర్కారునకు కొలువవలెనని రాజధానినుండి యంకె వచ్చును. పంట తగ్గినను అంకె తగిన రీతిని తగ్గదు. మన పేష్కషు జ్ఞాపకము వచ్చుచున్నదా? కాని పోలిక ఇంతవఱకే. కంపెనీవారు రైతు చచ్చుచుండగా చూచుచుండిరి. స్టాలిన్ మనుష్యులు యినుప చువ్వలతో ఇండ్ల నేలలను, గోడలను, పొయ్యిలను పొడిచి దాచిన గింజలకై వెదకిరి. విత్తనపు గింజలను గూడ తీసికొనిరి. సేద్యగాని యింట విత్తనములు తీసికొనుట యనగా నేమో ఈ సభలో నేను వివరింప నక్కఱలేదు.

1932 ఆగష్టు 7వ తేదీని ఒక శాసనము చేసిరి. సమష్టి పొలములో గింజ తీసినవానికి మరణశిక్ష, దయ చూపినచో పదియేండ్ల చెఱ. జనులు దానికి "ఐదు కంకుల చట్టము" అని పేరు పెట్టిరి. కోత కోసిన మడిలో పరిగె యేరుకొను పిల్లలకు గూడ వర్తించినది గనుక. మన పల్లెలలో పరిగె యేరుకొనుట బీదల హక్కు. ఎంత పిసినారి కాపైనను పరిగె యేరు ముసలమ్మను పొమ్మనడు. ఆ సర్కారు పొమ్మనెను. ఆ శీతకాలముననే వసూలు అంకె చేరని పల్లెల పేర్లను నల్లబల్లల మీద కెక్కించిరి. ఆ పల్లెలకు ఉప్పు రాదు, కిరసనాయిలు రాదు, అగ్గిపెట్టె రాదు. ఉన్న సరకును దుకాణములనుండి ఎత్తుకొనిపోవుదురు.

మఱి ఆకలిగొన్నవాడు చేయు పని యేమి? ఊరు విడిచి పోవును. మన డొక్కల కరువునాడు మద్రాసు బాట పట్టిన వారెందఱో దారిలో రాలిపోయిరి గాని, బాట మాత్రము తెఱచియుండెను. యుక్రెయిన్‌లో 1933 జనవరి 22న స్టాలిన్, మొలొటోవ్‌లు సంతకము చేసిన ఆజ్ఞ వెలువడెను: యుక్రెయిన్ రైతులను, కుబాన్ రైతులను పొరుగు సీమలకు పోనీయవద్దు. రైలు టిక్కెట్లు అమ్మలేదు. రెండు నెలలు కాకముందే రెండు లక్షల మందికి పైగా పట్టుబడిరి. వారిలో పెక్కుమందిని మరల ఆ గింజ లేని పల్లెలకే త్రోలిరి. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా నీయదను సామెత మనవారు నవ్వుటకు చెప్పుదురు. అచట అది రాజశాసనము.

ఇదంతయు జరుగుచుండగా ధాన్యము ఓడలెక్కుచునే యుండెను. 1932లో ఆ దేశమునుండి 17 లక్షల టన్నులకు పైగా ధాన్యము ఎగుమతి యయ్యెను. యంత్రములు కొనుటకు విదేశపు డబ్బు కావలెనట. యుక్రెయిన్‌లో చచ్చినవారు సుమారు 39 లక్షలని జనసంఖ్యా శాస్త్రజ్ఞులు లెక్క కట్టినారు. కజకు పశుపాలకులు ఆ యేండ్లలోనే యించుమించు 15 లక్షలు చచ్చిరి. వారిని తలచువారు మఱింత తక్కువ.

ఇక పేరు సంగతి. సర్కారు కాగితములలో దీనికి పేరు "ఆహారపు చిక్కులు". డొక్కల కరువు నాటి "ధాన్యపు కొఱత"కు ఇది తోబుట్టువు. వేల్సు దేశపు యువకుడైన గారెత్ జోన్స్ అను పత్రికారచయిత 1933 మార్చిలో రైలు దిగి ఊళ్ళ వెంట నడచి, చూచినది చూచినట్లు లోకమునకు చెప్పెను. నాలుగు దినములైన గాకముందే, మాస్కోలో నున్న న్యూయార్క్ టైమ్స్ విలేఖరి వాల్టర్ డ్యురంటీ, కరువు లేదని ఖండించుచు వ్రాసెను. ఆయన అంతకు ముందు సంవత్సరమే పులిట్జర్ బహుమానము పొందినవాడు. లోకము బహుమానము పొందినవాని మాటనే నమ్మెను. 1937లో జనాభా లెక్క తీయగా స్టాలిన్ ఆశించిన దానికంటె ఎన్నో లక్షలు తక్కువ వచ్చినవి. లెక్కను త్రొక్కిపెట్టి, లెక్కించినవారిని చెఱబట్టిరి. కొందఱిని కాల్చి చంపిరి. లెక్క తప్పైనందుకు కాదు, సరియైనందుకు. అక్కడి కమ్యూనిస్టు నాయకుడు షెర్బిత్స్కీ కరువు మాటను బహిరంగముగ ఒప్పుకొనుటకు 1987 డిసెంబరు కావలసివచ్చెను. యుక్రెయిన్ ప్రజలే దానికి "హొలొదొమోర్" అని పేరుంచిరి. ఆకలిచే చంపుట యని దాని భావము. 2006లో వారి శాసనసభ దానిని జాతిహననముగ చట్టమున వ్రాసెను. జాతిహననమా, కాదా యను వాదము పండితులలో నింకను నున్నది. సంకల్పమును ఋజువు చేయుట యెంత కష్టమో కోర్టులో నిలిచినవాడనుగా నే నెఱుగుదును. అయినను, ఆకలిగొన్నవాని దారి మూయుమని సంతకముతో ఆజ్ఞ దొరకిన కేసులో సంకల్పమునకు వేఱే సాక్ష్యమేల యని నాకు తోచును.

కొందఱు మిత్రులు నన్ను ఆక్షేపింతురు: అది సమష్టివాదపు రాజ్యము, ఇది వర్తకపు కంపెనీ, రెండింటిని ఒక త్రాట కట్టుట యెట్లని. కంపెనీ పాపము ఉపేక్ష, స్టాలిన్ పాపము అపహరణము. నేరస్మృతిలో రెంటికిని వేర్వేఱు సెక్షనులుండును, ఉండవలెను. ఒకరు మార్కెట్టు పేర, ఒకరు ప్రణాళిక పేర పని చేసిరి. అయినను రెండు చోట్లను రైతునకు ఫిర్యాదు చేసికొను గడప లేదు. రెండు చోట్లను "కరువు" అను మాట వ్రాయు అధికారము, ఆ కరువునకు జవాబుదారియైన వాని చేతిలోనే యుండెను. ముద్దాయియే న్యాయాధిపతియైన కోర్టు అది.

ఆ మాట కింత శక్తి యెందులకని యడుగుదురేమో. 1876-78 మద్రాసు కరువునాడు టెంపుల్ దొర కూలిని రోజుకు ఒక పౌను ధాన్యపు లెక్కకు, అనగా అరకిలోకు లోపునకు దించెను. దానిమీద బండపని చేయించిరి. పెదగంజామునుండి మద్రాసునకు పోవు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగము ఆ కరువు కూలీలు త్రవ్వినదే. ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ యీ కూలి మనిషిని నిలుపదని మొఱపెట్టెను. ఆ ఘోరము తరువాత కమీషను కూర్చుండి, 1880లలో కరువు స్మృతులు పుట్టినవి. ధర పెరుగుట, జనము ఊళ్ళు విడిచి తిరుగుట, పరీక్షా పనులకు జనము విరుచుకొనిపడుట వంటి లక్షణములు కనబడినచో కరువు ప్రకటింపవలెను. ప్రకటించినచో పనియు, కూలియు, చేయలేనివానికి గంజియు పెట్టవలెను. అనగా మొట్టమొదటిసారి "కరువు" అను మాటకు చట్టములో బరువు వచ్చినది.

బరువు వచ్చినందుననే దానిని పలుకుట మానిరి! 1943లో బెంగాలు. 1942లోనే జపానువారు వత్తురని తీరపు పడవలను, వడ్లను తొలగించిరి. యుద్ధపు డబ్బు వెల్లువలో బియ్యపు ధర ఆకాశమంటెను. కూలి మాత్రము నేలమీదనే యుండెను. కలకత్తా వీధులలో జనము రాలుచున్నను కరువు స్మృతిని అమలు పెట్టలేదు. కారణమేమో తాత్కాలిక గవర్నరు రూథర్‌ఫర్డ్ 1943 అక్టోబరులో వైస్రాయికి వ్రాసిన జాబులో నున్నది: ప్రకటించినచో స్మృతి విధించినంత తిండి పెట్టవలసివచ్చును, అంత ధాన్యము మాకడ లేదని. నేను ఇరువదియేండ్లుగా దస్తావేజులు చదువుచున్నాను. ఇంతకంటె నిష్కపటమైన ఒప్పుకోలు చదువలేదు. ప్రభుత్వపు విచారణ సంఘము చావులు 15 లక్షలని చెప్పెను. తరువాతి పరిశోధకులు 30 లక్షల వఱకు చెప్పుచున్నారు. ఆ మౌనమును మొదట చీల్చినది ఒక పత్రిక. 1943 ఆగష్టు 22న స్టేట్స్‌మన్ పత్రిక వీధి శవముల ఛాయాచిత్రములను అచ్చువేసెను. సంపాదకుడు ఆంగ్లేయుడే, ఇయాన్ స్టీఫెన్స్. బ్రౌను వలె ఆయనయు తనవారికి నచ్చని మాటను పలికెను. నాడు ఆ కరువు వెతలను బాలుడుగా చూచిన అమర్త్య సేన్, పత్రికలు స్వేచ్ఛగా నున్న ప్రజాప్రభుత్వమున మహాకరువు రాలేదని తరువాత వాదించెను.

స్వతంత్ర భారతమున అట్టి మహాకరువు రాలేదు. 2013 ఆహార భద్రతా చట్టముతో గింజ హక్కయినది. ఇది చిన్న సంగతి కాదు. కాని పేరు పెట్టు తగవు మన రేగడిలో ముగియలేదు. 1987-88లో తెల్లదోమ ప్రత్తిని తినివేయగా గుంటూరు, ప్రకాశము జిల్లాలలో రైతులు పురుగుమందు త్రాగిరి. 2021-22లో నల్ల తామరపురుగు మిరపపూతను రాల్చినప్పుడు ఈ పల్లెలలో మరల అదే విషాదము. 2004లో వచ్చిన 421వ జీ.ఓ. ప్రకారము ఆర్డీఓ, పోలీసు డీఎస్పీ, వ్యవసాయశాఖ సహాయ సంచాలకుడు, ఈ ముగ్గురు కూర్చుండి, చచ్చినవాడు రైతా కాడా, చచ్చినది సేద్యపు అప్పుకా, వేఱొకదానికా యని తేల్చవలెను. చచ్చినవాడు సొంత పట్టాదారుడైన సరే. కౌలుదారుడైనచో వాని యింటివారిని కాగితమేదని యడుగుదురు. కౌలు నోటిమాటగా సాగును. అప్పు వడ్డీవ్యాపారి పుస్తకములో నుండును. 2011లో కౌలుదారులకు గుర్తింపు కార్డు చట్టము వచ్చెను. 2019లో దాని స్థానమున వచ్చిన చట్టము పదునొకండు నెలల ఒప్పందముపై భూయజమాని సంతకమును కోరెను. సంతకము పెట్టినచో పొలము పోవునని యజమాని భయము. కావున కార్డు లేదు. కార్డు లేనివాడు కాగితములో రైతు కాడు. వాని చావు రైతు చావు కాదు. ఇది డొక్కల కరువుతో సమమని నేననను, అనుట యబద్ధము. కాగితము చేసెడి పని మాత్రము ఆ జాతిదే.

గ్రంథాలయోద్యమమున స్వచ్ఛంద సేవకుడనుగా ఊళ్ళు తిరుగునప్పుడు నేను చూచినదేమనగా, కౌలుదారుని యింట అప్పు చీటీలు, ఎరువుల దుకాణపు రసీదులు, పురుగుమందు బిల్లులు తాటాకు చూరులో దోపియుండును. కమిటీ వచ్చునాటికి అవి చెదలకో వానకో పోవును. ఆ చీటీలే సాక్ష్యము. మేము కొందఱము న్యాయవాదులము ప్రతి ఆదివారము ఉదయము ఈ పఠనమందిరపు వెనుక గదిలో కూర్చుండుటకు నిశ్చయించుకొన్నాము. మీ యూరిలో కౌలు చేయువాడెవడో మీకు తెలియును. వానిని తన చీటీల మూటతో పంపుడు. ఏ పొలము, ఎన్ని యెకరములు, ఏ పంట, ఎంత కౌలు, ఎవరి కెంత బాకీ యనునది తేదీతో సహా వ్రాసి, నకలు ఇచట బీరువాలో దాచి, అసలు వాని చేతికే యిచ్చెదము. రుసుము లేదు. వ్రాయుటకు చేతివ్రాత బాగుగ నున్న యువకులు నలుగురు కావలెను. సభ ముగిసిన తరువాత పేర్లు లైబ్రేరియనుగారి కిచ్చునది.